ఫెరారీ ఎఫ్40: ఆ 81 సీసీ ఎక్కడి నుంచి వచ్చాయి?

లేత్ మాస్టారు · శనివారం, ఉదయం 6:40

పాత నోటుపుస్తకాలు సర్దుతుంటే రెండు ఇంజన్ల కొలతలు పక్కపక్కన రాసి పెట్టుకున్న పేజీ ఒకటి దొరికింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల చేత లెక్క చేయించడానికి రాసుకున్నది. 1984లో వచ్చిన ఫెరారీ 288 జీటీఓకి బోర్ (సిలిండర్ వ్యాసం) 80 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 71, ఎనిమిది సిలిండర్లకు కలిపి 2,855 సీసీ. 1987లో వచ్చిన ఎఫ్40కి బోర్ 82, స్ట్రోక్ 69.5, మొత్తం 2,936 సీసీ.

రెండూ ఒకే వంశానికి చెందిన ఇంజన్లు. తొంభై డిగ్రీల వీ8, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, చెరో వైపు గాలిని నొక్కి పంపే జపాన్ ఐహెచ్ఐ టర్బో ఒకటి, చెరో వైపు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఒకటి. బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి, 0.8 బార్ నుంచి 1.1 బార్‌కు పెంచారు, శక్తి 400 నుంచి 478 అశ్వశక్తికి చేరింది. అక్కడి వరకు నాకు అర్థమైంది. కానీ బోర్ రెండు మిల్లీమీటర్లు పెంచి, స్ట్రోక్ ఒకటిన్నర తగ్గించి, చివరికి సంపాదించింది 81 సీసీ. చిన్న టీ గ్లాసు పాటి. దాని కోసం పిస్టన్లు మార్చాలి, లైనర్లు మార్చాలి, క్రాంక్‌షాఫ్ట్ కొత్తగా చేయాలి. ఇంత పని ఎందుకు పెట్టుకున్నారు? తెలిసినవారు చెప్పగలరు.

రెడ్‌లైన్ · శనివారం, ఉదయం 8:15

మాస్టారూ, ముందు 2,855 అనే అంకె ఎక్కడిదో చూడాలి. అది ఇంజనీర్లు ఇష్టపడి ఎంచుకున్నది కాదు. అప్పటి రేసు నిబంధనల్లో టర్బో ఉన్న ఇంజన్ పరిమాణాన్ని 1.4తో గుణించి, వచ్చిన అంకెను బట్టి ఏ తరగతిలో పరిగెత్తాలో నిర్ణయించేవారు. 2,855ను 1.4తో గుణించి చూడండి. 3,997. తరగతి హద్దు 4,000. మూడు సీసీల దూరంలో ఆగారు!

అదే కాలపు పోర్షే 959 ఇంజన్ 2,849 సీసీ. దాన్నీ గుణిస్తే 3,989 వస్తుంది. ఒకరు ఇటలీలో, ఒకరు జర్మనీలో కూర్చుని ఒకే గట్టు దాకా దున్నుకుంటూ వచ్చారన్నమాట. ఆ గట్టు ఉన్న రేసు కార్ల విభాగం పేరు గ్రూప్ బి. అందులో చేరాలంటే రోడ్డు మీద తిరిగే కార్లు కనీసం 200 తయారు చేయాలి. ఫెరారీ 272 జీటీఓలు చేసింది. వాటి నుంచి పోటీ కోసం జీటీఓ ఎవొలుజియోనే అనే రకాన్ని తయారు చేసింది. 650 అశ్వశక్తి, బరువు 940 కిలోలు.

ఇక 1986 మే 2. కోర్సికా ద్వీపంలో ర్యాలీ నడుస్తుండగా హెన్రీ టోయివోనెన్, ఆయన సహచరుడు సెర్జియో క్రెస్టో లోయలో పడి కారుతో సహా కాలిపోయారు. వాళ్ళది లాన్సియా కారు, ఫెరారీ కాదు. కానీ ఆ ప్రమాదంతో గ్రూప్ బి ర్యాలీలకు ఆ ఏడాదితో తెర పడింది. దాని సర్క్యూట్ పందేల శాఖ అసలు నిలదొక్కుకోనే లేదు. ఎవొలుజియోనేలు పరిగెత్తడానికి పందెం లేకుండా ఫెరారీ కర్మాగారం ఉన్న మరనెల్లోలో మిగిలిపోయాయి.

ఇప్పుడు ఎఫ్40 అంకెను గుణించండి. 2,936 ఇంటూ 1.4, అంటే 4,110. గట్టు లేదు కాబట్టి దాటారు. మీ 81 సీసీలు అక్కడి నుంచి వచ్చాయని నా నమ్మకం.

లేత్ మాస్టారు · శనివారం, ఉదయం 9:02

1.4 సంగతి నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఆ లెక్క చేయించాను, ఒక్కసారి కూడా ఆ గుణకం వేసి చూడలేదు. మనసు నిండింది.

కానీ ఒక మాట. 2,855 ఎందుకో మీరు చెప్పింది సాక్ష్యం. 2,936 ఎందుకో చెప్పింది ఊహ. గట్టు తీసేసినంత మాత్రాన పొలం పెంచి తీరాలని లేదు కదా. శక్తి కోసమే అయితే పాత క్రాంక్‌షాఫ్ట్‌తోనే ఎవొలుజియోనే 650 ఇచ్చింది. నాకు తోచేది మరొకటి ఉంది. బోర్ పెరిగితే వాల్వులకు చోటు దొరుకుతుంది. స్ట్రోక్ తగ్గితే అదే వేగంలో పిస్టన్ ప్రయాణం తగ్గుతుంది. 7,000 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.6 మీటర్ల నుంచి 16.2కి దిగుతుంది. చిన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ కొనుగోలుదారు చేతికి ఇచ్చే ఇంజన్‌కు ఆ ఊరట పనికొస్తుంది. పందెం ఇంజన్‌ను ప్రతి పందెం తర్వాత విప్పుతారు. దీన్ని విప్పరు.

రెడ్‌లైన్ · శనివారం, ఉదయం 9:20

ఒప్పుకుంటున్నాను. నేను కారణాన్ని సగమే చెప్పాను. నిబంధన పోవడం వల్ల మార్చే స్వేచ్ఛ వచ్చింది, మార్చింది మాత్రం మీరు చెప్పిన అవసరం కోసమే అయి ఉండవచ్చు.

తీరం · శనివారం, ఉదయం 10:47

ఒక చిన్న చేర్పు. ఇటలీలో అప్పట్లో రెండు లీటర్లు దాటిన ఇంజన్ల మీద పన్ను ఎక్కువ. అందుకే ఫెరారీ 1982లో 208 టర్బో అనే కారును ఇటలీ కోసమే చేసింది. రెండు లీటర్లలోపు వీ8, టర్బోతో బలం పూడ్చారు. ఫెరారీ రోడ్డు కార్లలో టర్బో అడుగుపెట్టింది ఆ పన్ను పుణ్యమే. మన దగ్గర 2006 బడ్జెట్ తర్వాత నాలుగు మీటర్ల లోపు కార్లకు పన్ను తగ్గించగానే డిక్కీలు కత్తిరించిన సెడాన్లు ఎన్ని వచ్చాయో చూశాం. కారు ముక్కు, తోక ఎక్కడ ఆగాలో చట్టమే గీత గీస్తుంది.

ఫ్లాట్ సిక్స్ · శనివారం, మధ్యాహ్నం 12:30

అందరూ ఎఫ్40ని పొగడడానికే వచ్చినట్టున్నారు. పక్కనే పోర్షే 959 పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అదే నిబంధన నుంచి పుట్టిన 959లో నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. ఏ చక్రానికి ఎంత పంపాలో యంత్రమే నిర్ణయిస్తుంది. రెండు టర్బోలు వరుసగా ఒకదాని తర్వాత ఒకటి పని చేస్తాయి కాబట్టి తక్కువ వేగంలో కూడా ఇంజన్ పలుకుతుంది. రోడ్డును బట్టి కారు ఎత్తు మారుతుంది. చక్రాల్లో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు కూడా ఉంది. ఇదంతా 1986లో!

ఎఫ్40లో ఏముంది? పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకు తొక్కే బలాన్ని పెంచే సర్వో సాయం లేదు. ఏబీఎస్ లేదు. తలుపు లోపల పిడి లేదు, తాడు లాగితే తెరుచుకుంటుంది. నేల మీద తివాచీ లేదు. మొదట్లో వచ్చిన కార్లకు కిటికీ అద్దం కూడా లేదు, పక్కకు జరిపే ప్లాస్టిక్ పలక. ఇదంతా పదమూడు నెలల్లో హడావుడిగా ముగించిన కారు. చేయడానికి సమయం చాలక వదిలేసినవాటిని ఇప్పుడు గుణాలుగా లెక్కపెడుతున్నారని నా అభిప్రాయం. నేను పోర్షే అభిమానిని, దాచుకోను. కానీ ప్రశ్న నిజంగానే అడుగుతున్నాను.

రెడ్‌లైన్ · శనివారం, మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న. పదమూడు నెలలు నిజమే. 1986 జూన్‌లో మొదలై 1987 జూలై 21న మరనెల్లోలో పాత్రికేయుల ముందు ముసుగు తీశారు. ఆ పనికి ప్రధాన ఇంజనీరు నికోలా మాతెరాజ్జి. దక్షిణ ఇటలీలోని సలెర్నో జిల్లాలో పుట్టినవాడు. అంతకు ముందు లాన్సియాలో స్ట్రాటోస్ అనే ర్యాలీ కారు మీద పని చేశాడు. ఫెరారీకి వచ్చింది ఫార్ములా వన్ కార్లకు టర్బో అమర్చే రోజుల్లో. అప్పుడు టర్బోనా, లేక కామ్‌ప్రెక్స్ అనే మరో రకం యంత్రమా అని రెండిటినీ పరీక్షించిన జట్టులో ఉన్నాడు. ఫెరారీ టర్బో కారు 1982, 1983ల్లో వరుసగా నిర్మాతల చాంపియన్‌షిప్ గెలిచింది. ఈ మనిషికి ఎలక్ట్రానిక్ హంగులు తెలియక వదిలేశాడని అనుకోలేం.

ఇక అడిగినవాడు ఎవరో కూడా చూడాలి. సంస్థ స్థాపకుడు ఎంజో ఫెరారీకి అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. కార్ల రూపకల్పన సంస్థ పినిన్‌ఫరీనాలో రూపకర్త లియొనార్దో ఫియొరవంతీ ఆ రోజుల గురించి తర్వాత చెప్పిన విషయం ఒకటుంది. ఎవొలుజియోనే మీద అభిప్రాయం అడిగిన సందర్భంలోనే అసలైన ఫెరారీ ఒకటి చేయాలన్న కోరికను ఎంజో బయటపెట్టాడట. అది ఆయనకు ఆఖరి కారు అవుతుందని ఆయనకూ తెలుసు, తమకూ తెలుసు అని ఫియొరవంతీ అన్నాడు. 1988 ఆగస్టు 14న ఎంజో కన్నుమూశాడు. ఆయన స్వయంగా చూసి ఒప్పుకున్న చివరి కొత్త రోడ్డు కారు ఎఫ్40.

సమయం చాలక వదిలేశారన్న మాటకు నా జవాబు ఏసీ. తివాచీ లేదు, రేడియో లేదు, సామాన్ల అర లేదు, కానీ ఏసీ ఉంది! వెనుక రెండు టర్బోలు, చుట్టూ ప్లాస్టిక్ కిటికీలు, ఆ వేడిలో మనిషి కూర్చోలేడు. అవసరమైనది పెట్టారు. సమయమే అడ్డయితే తివాచీ అతికించడానికి ఎంతసేపు పడుతుంది?

ఎర్రనేల · శనివారం, సాయంత్రం 4:40

నాకు కార్లంటే ఇష్టమే కానీ యంత్రజ్ఞానం తక్కువ. ఈ కారు గురించి ఎక్కడ చదివినా టర్బో ఆలస్యం అంటారు. ముందు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా వీపు మీద తన్నినట్టు ఉంటుంది అంటారు. ఎందుకలా? ఇంకొకటి, వెనుక మధ్యలో మూడు పొగ గొట్టాలు ఎందుకున్నాయి? ఇంజన్ రెండు వైపులదే కదా.

లేత్ మాస్టారు · శనివారం, సాయంత్రం 5:30

మీ పేరు చూసి అడుగుతున్నాను, మీది వ్యవసాయమేనా? అయితే బోరు మోటారు గుర్తు తెచ్చుకోండి. స్విచ్ వేయగానే మోటారు తిరుగుతుంది కానీ మడి దగ్గర నీళ్ళు పడవు. పొడవాటి పైపు నిండాలి. నిండిన మరుక్షణం బుస్సుమని వస్తాయి. టర్బో కథ అంతే. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో చక్రం గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. పొగ తక్కువైతే చక్రం తిరగదు, చక్రం తిరగకపోతే గాలి రాదు, గాలి రాకపోతే పొగ పెరగదు. ఆ చిక్కుముడి విడిపోయే దాకా ఓపిక పట్టాలి. చక్రం అందుకున్నాక, గాలి ఇంటర్‌కూలర్ల గుండా, గొట్టాల గుండా నిండి లోపలికి దూసుకొస్తుంది.

పైగా టర్బో ఇంజన్లలో గాలిని అతిగా నొక్కితే ఇంధనం వేళ కాని వేళ అంటుకుంటుంది. దాన్ని తప్పించడానికి కంప్రెషన్ నిష్పత్తిని, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందో ఆ కొలతను, తక్కువగా పెడతారు. కాబట్టి బూస్ట్ లేనప్పుడు ఆ ఇంజన్ దాని పరిమాణం కన్నా బలహీనంగా ఉంటుంది. నిశ్శబ్దానికీ తన్నుకూ మధ్య అంత తేడా కనిపించడానికి ఇది సగం కారణం. గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 577 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్‌పీఎం దగ్గర అందుతుంది.

మూడు గొట్టాల సంగతి. రెండు గొట్టాలు చెరో వైపు సిలిండర్ల పొగవి. మధ్యది వేస్ట్‌గేట్‌ది. బూస్ట్ హద్దు మీరకుండా టర్బో చక్రానికి వెళ్ళే పొగను పక్కకు మళ్ళించే తూము అది. చెరువు నిండితే అలుగు పారినట్టు, మిగిలిన ఒత్తిడి మధ్య గొట్టం నుంచి పోతుంది.

ఎర్రనేల · శనివారం, సాయంత్రం 5:52

వ్యవసాయమే మాస్టారూ, మామిడి తోట. ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

వేగరేఖ · శనివారం, రాత్రి 7:18

కొన్నిచోట్ల 471 అశ్వశక్తి, కొన్నిచోట్ల 478 అని ఉంటుంది. ఏది నిజం?

రెడ్‌లైన్ · శనివారం, రాత్రి 7:25

రెండూ నిజమే. 478 యూరప్ మెట్రిక్ కొలత, 471 బ్రిటిష్ కొలత. కిలోవాట్లలో రెండూ 352 దగ్గరకే వస్తాయి.

కార్బన్ నేత · శనివారం, రాత్రి 10:10

రోజంతా ఇంజన్ గురించే మాట్లాడారు. నేను వొంటి గురించి మాట్లాడతాను. ఈ కారు నాకు దగ్గరిది అటువైపు నుంచే.

మాది చీరాల. తాతగారు మగ్గం మీద కూర్చున్నవారు. నేను కాంపోజిట్ల, అంటే నార గుడ్డను జిగురుతో గట్టిపరచి చేసే పలకల, తయారీలో పని చేస్తున్నాను. మొదటి రోజు ఉద్యోగంలో కార్బన్ గుడ్డ చుట్ట విప్పి బల్ల మీద పరచినప్పుడు పడుగూ పేకా కనిపించి చేయి ఆగిపోయింది. ఇంట్లో చిన్నప్పటి నుంచి చూసిన నేతే. దారం మారింది, మగ్గం మారింది. పడుగు, పేక మారలేదు.

ఎఫ్40 రంగు గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. ఎండలో దగ్గరగా చూస్తే ఎర్ర రంగు కింద నేత గళ్ళు కనిపిస్తాయి. రంగు అంత పలుచగా వేశారు. ముతక పంచె మీద పలుచని రంగు అద్దితే దారం ఎలా దాగదో అలాగే. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా మళ్ళీ మందంగా రంగు వేయిస్తే ఆ నేత మాయమవుతుంది. అందుకే ఈ కార్లను పరిశీలించేవారు ముందు రంగు కింద నేత కోసం వెతుకుతారు.

ఇక అసలు నిర్మాణం. ఫార్ములా వన్‌లో 1981లో మెక్‌లారెన్ ఎంపీ4/1 కారు పూర్తి కార్బన్ తొట్టితో, అంటే చోదకుడు కూర్చునే దేహమే చట్రంగా, వచ్చింది. ఫెరారీ 1983లో 126సీ3తో ఆ దారి పట్టింది. అంటే ఎఫ్40 నాటికి ఫెరారీకి కార్బన్ కొత్తది కాదు. అయినా ఎఫ్40ని పూర్తి కార్బన్ తొట్టిగా కట్టలేదు. మరనెల్లో పాత పద్ధతి ప్రకారం ఉక్కు గొట్టాల చట్రం ఉంచారు. దాని మీద కార్బన్, కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార కలిపి చేసిన నేల, అడ్డుగోడలు, డ్యాష్‌బోర్డు భాగాలను జిగురుతో అతికించారు. పై పలకలు, తలుపులు, ముందు మూత, వెనుక మూత కాంపోజిట్‌వే.

జిగురు అనగానే చులకనగా తీసుకోకండి. ఉక్కు గొట్టానికి కార్బన్ పలకను బోల్టుతో బిగిస్తే ఆ రంధ్రం దగ్గర పోగులు తెగుతాయి, భారమంతా అక్కడే పడుతుంది. జిగురైతే అంచు పొడవునా భారాన్ని పంచుతుంది. పందిరి గుంజలకు తడిక కట్టినట్టు ఊహించుకోండి. గుంజలు మాత్రమే ఉంటే పక్కకు ఊగుతాయి. తడిక బిగించి కట్టాక ఊగవు.

కెవ్లార్ ఎందుకు కలిపారని అడుగుతారేమో. కార్బన్ బిగువైనది, కానీ దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. కెవ్లార్ లాగుడుకు, చిరుగుడుకు తట్టుకుంటుంది, నొక్కుడుకు తట్టుకోలేదు. ఒకటి కర్ర, ఒకటి తాడు. రెండూ కలిపితే గోడ. కెవ్లార్‌ను కత్తిరించడం ఎంత కష్టమో దానితో పని చేసినవారికే తెలుసు. అంచు నూలు పీచులా లేస్తుంది, ఉప్పు కాగితంతో రుద్దితే ఇంకా రేగుతుంది. 1987లో అంత పనిని రోడ్డు కార్ల మీద, వందల సంఖ్యలో చేశారంటే ఆ కార్మికుల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఫ్లాట్ సిక్స్ గారూ, మీరు హడావుడి అన్నారు. ఇంజన్ వరకు నాకు తెలియదు. ఈ అతుకులు హడావుడిగా చేసినవి కావు.

ఫ్లాట్ సిక్స్ · ఆదివారం, ఉదయం 7:50

కార్బన్ నేత గారూ, రాత్రి మీ టపా రెండుసార్లు చదివాను. అతుకుల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 959లో కూడా కెవ్లార్ కలిపిన పలకలు ఉన్నాయి కానీ అవి ఉక్కు శరీరం మీదే కూర్చున్నాయి. 959 తేలిక కారేమీ కాదు.

కానీ నా ప్రధాన వాదన వదలను. ఈ రోజు ఏ సూపర్‌కార్ తీసుకున్నా దాని మూలాలు 959లో కనిపిస్తాయి. నాలుగు చక్రాల పంపిణీ, ఎలక్ట్రానిక్ నియంత్రణ, ఎత్తు మారే సస్పెన్షన్. ఎఫ్40 వారసులు ఎవరు?

రెండో విషయం. దీన్ని పరిమిత ఉత్పత్తి అంటున్నాం. ఫెరారీ మొదట 400 చేస్తామంది. 1992లో ఆపేసరికి 1,311 అయ్యాయి. మూడు రెట్లకు మించి! మాట తప్పినట్టు కాదా?

రెడ్‌లైన్ · ఆదివారం, ఉదయం 9:35

రెండో దానికి ముందు. మీరు చెప్పిన అంకెలు సరైనవే. ఎంజో మరణించాక ఆయన ఆమోదించిన ఆఖరి కారు అన్న పేరు దీనికి అతుక్కుపోయింది. 1980ల చివర్లో పాత ఫెరారీల ధరలు సట్టా బజారులా పెరిగాయి. కొన్నవాళ్ళు నడపకుండానే లాభానికి అమ్ముకున్నారు. గిరాకీ ఉంది, అప్పట్లో ఫెరారీని నడిపిన ఫియట్ యాజమాన్యం తయారీ కొనసాగించింది. 1990ల మొదట్లో ఆ బుడగ పగిలి ధరలు కూలాయి. ఫెరారీ అక్కడ పాఠం నేర్చుకుంది. తర్వాత వచ్చిన ఎఫ్50లు 349 మాత్రమే, లెక్క చెప్పి మరీ ఆపారు. కాబట్టి మాట తప్పారన్నది నిజం. ఆ 1,311 వల్లనే ఈ కారు అద్దాల గదుల్లో కాకుండా రోడ్ల మీద బతికింది, నాకు దానిమీద ఫిర్యాదు లేదు.

మొదటి ప్రశ్నకు నా దగ్గర పోటీ జవాబు లేదు. 959 ముందుకు చూసింది, నిజం. ఎఫ్40 ఒక దారి చివర నిలబడింది. దాని వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) జీటీఓదే, 2,450 మిల్లీమీటర్లు. జీటీఓకి ఆ కొలత ఎలా వచ్చిందంటే, అంతకు ముందు ఫెరారీ 308లో ఇంజన్ అడ్డంగా ఉండేది, 2,340 సరిపోయేది. రెండు టర్బోలకు చోటు కావాలని ఇంజన్‌ను కారు పొడవు వెంట తిప్పారు, వీల్‌బేస్ 110 మిల్లీమీటర్లు సాగింది. అంటే ఎఫ్40 ఎముకల్లో 1970ల 308 ఉంది. కొత్త కాగితం మీద మొదలైన కారు కాదు ఇది. తెలిసిన దేహాన్ని ఎంత దూరం లాగవచ్చో అంత దూరం లాగారు.

నడక విషయంలో కూడా మొదట్లోనే కుదరలేదు. ఫెరారీ పరీక్షా చోదకుడు దారియో బెనుజ్జి, మొదటి నమూనాల నడవడి బాగాలేదని తానే చెప్పాడు. టర్బోలు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు ఒక్కొక్కటిగా ఎన్నోసార్లు పరీక్షించి దారికి తెచ్చారు. వెనుక టైరు వెడల్పు 335 మిల్లీమీటర్లు, ఆ కాలానికి పెద్దది. ద్రవాలు నింపకముందు 1,100 కిలోలు, గంటకు 324 కిలోమీటర్లు ప్రకటించారు. మైళ్ళలో చెబితే 201.

తీరం · ఆదివారం, ఉదయం 10:12

పందేల్లో దీని పేరు పెద్దగా వినపడదు. ఎందుకు?

రెడ్‌లైన్ · ఆదివారం, ఉదయం 10:40

ఫెరారీ దీన్ని పందెం కారుగా ప్రకటించలేదు. పాదువాలోని మికెలొత్తో సంస్థ ఎఫ్40 ఎల్‌ఎం పేరుతో పందెం రూపం తయారు చేసింది. 1989లో అమెరికాలోని లగూనా సెకాలో జాన్ అలేసీ దాన్ని మూడో స్థానంలో ముగించాడు. 1990ల మధ్యలో లె మాన్స్ 24 గంటల పందెంలో కూడా పరిగెత్తింది. పందెం నిబంధన కోసం మొదలైన వంశం, నిబంధన పోయాక రోడ్డు కారుగా పుట్టి, తిరిగి పందెంలోకి వెళ్ళింది.

మోడెనా వాసి · ఆదివారం, మధ్యాహ్నం 3:25

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను చదువు కోసం వచ్చి మోడెనాలో ఉండిపోయాను. మరనెల్లో ఇక్కడికి దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల లోపే.

ఈ ఎఫ్40ని ఒకసారి నిలబడి ఉండగా కాదు, కదులుతుండగా చూశాను. ఒక ఆదివారం ఉదయం పాత కార్ల గుంపు ఒకటి ఊరి చతురస్రం దగ్గర ఆగింది. అందులో ఇది ఒకటి. యజమాని పెద్దాయన. ఇంజన్ ఆన్ చేసినప్పుడు నేను సంగీతం ఊహించుకున్నాను. వీ12 ఫెరారీల్లా పాడలేదు. గొంతు బొంగురు. ఎనిమిది సిలిండర్ల ఫ్లాట్ క్రాంక్ శబ్దం, దాని మీద టర్బోలు మింగేసినట్టు ఒక మూలుగు. బయలుదేరేటప్పుడు ఆయన మొదటి గేరు కోసం కర్రను ఎడమకు, కిందికి లాగారు. గేరు పలకలో మొదటిది అక్కడే ఉంటుంది, పైన ఉండేది రివర్స్. స్టీరింగ్ తిప్పడానికి భుజాలు వాడవలసి వచ్చింది. మలుపు తిరిగి వీధి చివర ఖాళీ కనబడగానే రెండు క్షణాలు ఏమీ జరగలేదు. ఎర్రనేల గారు అడిగిన ఆ ఆలస్యం అదే. తర్వాత వెనుక భాగం కొంచెం కుంగింది, శబ్దం మారింది, కారు కనబడలేదు.

ఫ్లాట్ సిక్స్ గారి ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పెద్దాయన ముఖంలో ఉన్నది గర్వం కాదు, ఏకాగ్రత. ఆ కారు ఆయనకు వేరే దేనికీ తీరిక ఇవ్వలేదు.

ఇంకొక విషయం. ఎఫ్40 బయటికి వచ్చిన కాలంలోనే ఇక్కడికి దగ్గరలోని సంత్ ఆగతాలో, లంబోర్గినీ దగ్గర హొరాసియో పగానీ అనే అర్జెంటీనా యువకుడు కౌంటాక్ అనే కారు మీద కాంపోజిట్ ప్రయోగాలు చేస్తున్నాడు. తర్వాత సొంత కంపెనీ పెట్టింది ఆయనే. కాబట్టి ఎఫ్40 వారసులెవరని అడిగితే, ఇంజన్ వైపు చూడకండి, కార్బన్ నేత గారి వైపు చూడండి అంటాను.

ఫ్లాట్ సిక్స్ · ఆదివారం, సాయంత్రం 4:08

వారసత్వం గురించి ఇది నేను ఒప్పుకోగలిగిన జవాబు. ఎలక్ట్రానిక్స్ 959వి, నేత ఎఫ్40ది అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇప్పటికీ ఒకటి ఎంచుకోమంటే 959నే ఎంచుకుంటాను.

వేగరేఖ · ఆదివారం, రాత్రి 8:30

వచ్చే నెల మా అక్కగారి ఇంటికి మిలాన్ వెళ్తున్నాను. మరనెల్లో మ్యూజియం కూడా చూడాలనుకుంటున్నాను. ఎఫ్40 అక్కడ ఉంటే ఏం చూడాలి? ఫొటో తీసుకుని వచ్చేయడం ఇష్టం లేదు.

మోడెనా వాసి · ఆదివారం, రాత్రి 9:05

మ్యూజియంలో కార్లు మారుతూ ఉంటాయి. వెళ్ళే ముందు కనుక్కోండి. ఉంటే ముందు వెనక్కి వెళ్ళి, వెనుక మూత మీది చీలికల పారదర్శక ప్లాస్టిక్ గుండా ఇంజన్ చూడండి. ఇంటర్‌కూలర్లు రెండూ పై నుంచే కనిపిస్తాయి.

కార్బన్ నేత · ఆదివారం, రాత్రి 9:20

ఇంజన్ చూశాక తలుపు పక్కకు రండి. తలుపు తెరిచి ఉంటే అదృష్టం. లేకపోతే కిటికీ నుంచి లోపలికి, గడప దగ్గరకు చూడండి. చట్రానికీ నేలకూ మధ్య కలిసే అంచు వెంట ఆకుపచ్చగా ఒక గీత కనిపిస్తుంది. అదే జిగురు. దాచలేదు, రంగు వేయలేదు, గుడ్డ కప్పలేదు. అది ఎవరో మనిషి చేత్తో పూసినది. అక్కడక్కడ మందంగా, అక్కడక్కడ పలుచగా ఉంటుంది. దాన్ని చూసి వచ్చి నాకు చెప్పండి.

వేగరేఖ · ఐదు వారాల తర్వాత, మంగళవారం, ఉదయం 6:15

నిన్న రాత్రి తిరిగొచ్చాను. ఎఫ్40 ఉంది. తలుపు మూసి ఉంది, చుట్టూ తాడు కట్టి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీ ప్లాస్టిక్ మీద దీపాల వెలుగు పడకుండా టోపీ అడ్డుపెట్టుకుని చూశాను. కార్బన్ నేత గారూ, గీత కనిపించింది. కుడి గడప మీద, సీటు పక్కన, ఒకచోట జిగురు అంచు దాటి కొంచెం కిందికి జారి గట్టిపడి ఉంది. వేలి ముద్రంత.